ఇరవై రెండు నిమిషాలు

2074 ఏప్రిల్ 18, బుధవారం ఉదయం 10 గంటల 40 నిమిషాలకు పెన్నా ఎగువ విశ్వవిద్యాలయం మూడో పరీక్ష హాలులో నూట పద్నాలుగో సీటు మీద ఎర్ర దీపం వెలిగింది. ఆ సీటులో కూర్చున్న విద్యార్థిని చెవి వెనక ఉన్న బెదురుబిళ్ళ సున్నా చూపింది. హాలులో ఉన్నది 212 మంది. మిగతా 211 దీపాలు పచ్చగానే ఉన్నాయి.

ఆ విద్యార్థిని పేరు సుంకులమ్మ. వయసు ఇరవై ఒకటి. నీటి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. దీపం వెలగడం ఆమె కూడా చూసింది. అప్పటికి ఐదో ప్రశ్నకు జవాబు సగంలో ఉంది. రాస్తున్న వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, పెన్ను మూత బిగించింది. ఇన్విజిలేటర్ వచ్చి పేపరు తీసుకునేదాకా బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. భయం వేయలేదు. ఆమె మీద మోపిన నేరం కూడా అదే.

ప్రశ్నలకు జవాబు చెప్పడం మనుషుల చేతిలోంచి పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు. యంత్రాన్ని అడిగితే ఏదైనా చెబుతుంది. యంత్రం పక్కన లేనప్పుడు మనిషికి ఏం తెలుసో చూడటానికి ఒకే దారి మిగిలింది. సిగ్నల్ చొరబడని హాలు, కాగితం, పెన్ను, మూడు గంటలు. ఆనకట్టల మీద, పంపు స్టేషన్లలో ఉద్యోగాలిచ్చేవాళ్ళు ఆ కాగితాన్ని తప్ప దేన్నీ నమ్మడం మానేశారు. యంత్రాలు వస్తే పరీక్షలు పోతాయని ఒకప్పుడు అనుకున్నారు. ఏడాదికి నాలుగున్నవి పదహారయ్యాయి.

బెదురుబిళ్ళను కనిపెట్టింది అదే విశ్వవిద్యాలయంలో నాడీ పరికరాల విభాగం చూసే డాక్టర్ పరంజ్యోతి. దానికి ఆమె పెట్టిన పేరు ఆందోళనమాపకం. చొక్కా గుండీ అంత ఉంటుంది. చెవి వెనక అతికిస్తారు. చర్మం మీద విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో, నాడి దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎంతో, చెమటలో కార్టిసాల్ ఎంతో కొలుస్తుంది. ఈ మూడూ కలిపి సున్నాకూ నూటికీ మధ్య ఒక అంకె కడుతుంది. ఆ అంకెను రెండుసార్లు తీస్తారు. తొమ్మిదింటికి తెరిచి తొమ్మిదిన్నరకు మూసే గేటు దగ్గర ఒకసారి. దీన్ని స్థిమిత రేఖ అంటారు. హాలులో పరీక్ష రాస్తుండగా రెండోసారి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే విద్యార్థి బెదురు. ఆ తేడాను మాత్రమే దాచుకుని, మొదటి రెండు అంకెలనూ బిళ్ళ చెరిపేస్తుంది. ఒక మనిషి ఒంట్లోని లెక్కలన్నీ విశ్వవిద్యాలయం దగ్గర ఉండకూడదని మొదట్లోనే పెట్టుకున్న నియమం అది.

చదివింది తెలిసి ఉండి కూడా భయంతో చెయ్యి ఆడక దెబ్బతినేవాళ్ళకు న్యాయం చేయాలని పరంజ్యోతి ఉద్దేశం. బెదురు పది ఉంటే ఒక మార్కు, అరవై ఉంటే ఆరు మార్కులు కలుపుతారు. దాన్ని బెదురు సవరణ అన్నారు. మొదటి రెండేళ్ళు అనుకున్నట్టే జరిగింది. మూడో ఏడు నుంచి కోచింగ్ సెంటర్లలో బెదరడం నేర్పించారు.

గేటుకూ హాలుకూ మధ్య అరగంట వ్యవధి ఉంటుంది. ఆ అరగంటలో ప్రతి విద్యార్థీ ఇంటికి ఫోను చేస్తాడు. ఇంట్లోవాళ్ళు తిడతారు. గేటు దగ్గర స్థిమితంగా ఉండి, ఫోను విని వణికి, వణుకుతూ హాలులోకి పోతే తేడా పెరుగుతుంది. దీన్ని తిట్టుఫోను అన్నారు. ఏం తిట్టాలో తెలియని తల్లిదండ్రుల కోసం సెంటర్లవాళ్ళు తిట్ల పట్టిక అచ్చువేసి ఇచ్చారు. అందులో నలభై వాక్యాలున్నాయి.

సుంకులమ్మ తండ్రి ఓబులేసు రామగిరి కొండ మీద గాలిమరల మెకానిక్. కూతురితో గొంతు పెంచి మాట్లాడటం ఆయనకు చేతకాదు. పట్టిక ముందు పెట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో వాక్యం చదివేవాడు. పెట్టుకున్న ఆశంతా మట్టిపాలు చేశావని చదివి, కాసేపు ఆగి, "ఇంగ రెండుండాయి మా, చదవమంటావా?" అని అడిగేవాడు. మొదటి ఏడు ఆ మట్టిపాలు అన్న మాటకే ఆమెకు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. 58 వచ్చింది. రెండో ఏడు 41. మూడో ఏడు 19.

బుధవారం ఉదయం ఓబులేసు పదకొండు వాక్యాలు చదివాడు. ఆమె విని, ఇంక చాలు నాయనా అని, ఫోను హాలు తలుపు దగ్గరి పెట్టెలో వేసి లోపలికి పోయింది.

సున్నా వస్తే ఎందుకు నేరమో కూడా చెప్పుకోవాలి. చల్లమాత్ర అని ఒకటి దొరికేది. వేసుకుంటే మూడు గంటలు భయం ఉండదు, చెయ్యి వణకదు, చదివింది చదివినట్టు గుర్తుకొస్తుంది. అది వేసుకుని రాయడమూ కాపీ కొట్టడమూ ఒకటేనని విశ్వవిద్యాలయం నిబంధన. పని చేస్తుండగానే దాని జాడ రక్తంలో దొరకదు కాబట్టి రక్తపరీక్ష దండగ. పట్టుకోవడానికి బెదురుబిళ్ళ ఒక్కటే ఆధారం. మాత్ర వేసుకున్నవాళ్ళ అంకె ఐదు దాటదు. ఐదు దాటకపోతే ఎర్ర దీపం.

గురువారం ఉదయం పదకొండింటికి విచారణ పెట్టారు. ముగ్గురి కమిటీ. మూడో సభ్యుడు సెలవులో ఉన్నాడు. పరీక్షల కంట్రోలర్ హనుమంతరాయుడు బల్లకు నడిమధ్య కూర్చున్నాడు. పక్కన పరంజ్యోతి. చివర కాగితాలు పెట్టుకుని ఆఫీసు గుమాస్తా హంపమ్మ.

మాత్ర వేసుకున్నావా అని కంట్రోలర్ అడిగాడు. లేదని సుంకులమ్మ చెప్పింది. మరి భయం ఎందుకు లేదని అడిగాడు. తెలియదని చెప్పింది. అప్పుడైనా, ఇప్పుడైనా భయంగా ఉందా అని అడిగాడు. ఆమె కాసేపు ఆలోచించి, లేదంది. ఆ జవాబు హంపమ్మ రాసుకుంది.

హనుమంతరాయుడి ఇబ్బంది వేరే ఉంది. ఆ పిల్ల నిజం చెబుతోందంటే బిళ్ళ చెడిపోయిందని అర్థం. అన్ని బిళ్ళలూ ఒకే పెట్టెలోంచి వచ్చినవి. ఒకటి చెడితే మిగతావాటినీ నమ్మడానికి లేదు. అప్పుడు మూడో హాలు పరీక్ష రద్దు చేసి, 212 మందితో మళ్ళీ రాయించాలి. ఆ మాట అప్పటికే బయటికి పోయింది. కిటికీ అవతల వరండాలో నలభై మంది నిలబడి ఉన్నారు.

బిళ్ళను పరీక్షిద్దామని పరంజ్యోతి అంది. సుంకులమ్మ పెట్టుకున్న బిళ్ళనే తీసి, తుడిచి, హనుమంతరాయుడి చెవి వెనక అతికించింది. టీ తెప్పించి, ఐదు నిమిషాలు ఆయన్ను ఊరికే కూర్చోనిచ్చి స్థిమిత రేఖ తీసింది. తర్వాత బుధవారం నాటి ప్రశ్నపత్రం, రెండు తెల్లకాగితాలు, పెన్ను ఆయన ముందు పెట్టింది. మొదటి ప్రశ్నకు పది నిమిషాల్లో జవాబు రాయమంది.

ఆయన నవ్వాడు. ఆయనా ఒకప్పుడు అదే చదువు చదివినవాడే. ఇంకిపోయే నీటిని లెక్కగట్టే ప్రశ్న అది. రెండో నిమిషానికి నవ్వు ఆగింది. మూడో నిమిషంలో ఒక సమీకరణం రాసి కొట్టేశాడు. ఐదో నిమిషంలో చేతిరుమాలు తీశాడు. ఆరో నిమిషానికి అంకె 64 చేరింది. ఆయన వయసు యాభై ఎనిమిది.

"చాలు, తీసేయండి," అని పెన్ను కింద పెట్టాడు. హంపమ్మ వైపు తిరిగి, "అది రాసుకోవద్దమ్మా," అన్నాడు.

"రాసేస్తిని సార్," అంది హంపమ్మ. "కొట్టేయమంటారా?"

బిళ్ళ బాగానే ఉందని తేలింది. కిటికీ అవతల ఉన్నవాళ్ళకు ఆ కబురు చేరడానికి నిమిషం పట్టలేదు. బిళ్ళ బాగుందంటే తప్పు సుంకులమ్మదన్నమాట.

తొమ్మిదేళ్ళలో 41,300 అంకెలు తీశామని, వాటిలో మాత్ర వేసుకున్నట్టు తేలినవి పక్కన పెడితే ఏడు కన్నా తక్కువ ఏ ఒక్కటీ లేదని హనుమంతరాయుడు కాగితం చూసి చదివాడు. ఆ ఏడు ఎవరిదని పరంజ్యోతి అడిగింది. హంపమ్మ వెతికింది. పోయిన నెల ఇదే విద్యార్థినిది. అంతకు ముందువి ఎనిమిది, తొమ్మిది, పన్నెండు. అవీ ఈమెవే.

"అంటే అప్పటినుంచి మాత్ర కొద్దికొద్దిగా అలవాటు చేసుకుంటోందని కదా," అన్నాడు హనుమంతరాయుడు.

పరంజ్యోతి కాగితం తన ముందుకు లాక్కుని చాలాసేపు చూసింది.

హనుమంతరాయుడు కఠినుడు కాడు. నిబంధన ఏముందో నెమ్మదిగా వివరించాడు. తనే ఒప్పుకుని సంతకం చేస్తే విచారణ ఉండదు, ఒక్క ఏడాది పరీక్షలకు అనర్హత. ఒప్పుకోకుండా విచారణలో నేరం రుజువైతే మూడేళ్ళు. ఆ మచ్చ పడినవాళ్ళను ఏ ఆనకట్ట మీదా తీసుకోరు. ఆలోచించుకుని సాయంత్రం ఐదులోపల చెప్పమన్నాడు. సుంకులమ్మ సరేనని లేచింది.

వరండా చివర పరంజ్యోతి ఆమెను ఆపింది. జేబులోంచి ఇంకో బిళ్ళ తీసింది. అది ప్రయోగశాల బిళ్ళ. తీసివేత చేయదు, చెరిపేయదు. నిమిషానికొక అంకె చొప్పున ఉన్నది ఉన్నట్టు దాచుకుంటుంది. రేపు ఉదయం వరకు తీయవద్దని చెప్పి, చెవి వెనక తనే అతికించింది. నిద్ర పడుతోందా అని అడిగింది. పడుతుందంది సుంకులమ్మ. ఆకలి వేస్తోందా అని అడిగింది. మెస్ గంట కొడితే తింటానంది.

"చివరిసారి ఏడ్చింది ఎప్పుడు?"

సుంకులమ్మ ఆలోచించింది. "రెండో ఏడు మేడమ్," అంది. "ఆగస్టు అనుకుంటా."

హాస్టల్ గదిలో షంషాద్ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఇద్దరూ నాలుగేళ్ళుగా ఒకే గదిలో ఉంటున్నారు. షంషాద్‌దీ మూడో హాలే, నూట తొమ్మిదో సీటు. బుధవారం ఆమెకు 66 వచ్చింది. ఆరు మార్కులు. ఆ ఆరూ లేకపోతే ఆ పేపరు తప్పుతుంది. హాలు గ్రూపులో 211 మంది ఏమేం రాస్తున్నారో చదివి వినిపించమంటావా అని అడిగింది. వద్దంది సుంకులమ్మ. అయినా షంషాద్ నాలుగు వినిపించింది. మెస్ నుంచి తెచ్చిన ఉగ్గాని చల్లారిపోతోందని, తినమని చెప్పింది. సుంకులమ్మ తింది.

"మీ నాయన తిట్టేది తిట్టా అది? రేషన్ లిస్టు చదివినట్ల చదువుతాడు," అంది షంషాద్. "మా అమ్మీని చూడు. పట్టిక ముట్టదు. అన్నీ సొంతవే. నా పుట్టుక కాడ మొదలుపెడుతుంది."

సుంకులమ్మ చేయి కడుక్కుంది.

"సుంకీ, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఏసుకుంటివా?"

"లేదు."

"ఏసుకోకున్నా పర్వాలేదు. ఒప్పుకుంటే ఒక్క ఏడే గదా మే. లేదంటే మూడు. ఇంగ మేమందరం ఇంగోసారి రాయాల. నేను ఇంగోసారి రాయలేను." షంషాద్ గొంతు తగ్గించింది. "నాతో కాదు సుంకీ. ఒట్టు. ఆ గేటు కనపడకుండా మెస్‌కు చుట్టు తిరిగి పోతాండా."

బిళ్ళ బాగుందని తేలాక మళ్ళీ రాయడం ఉండదని సుంకులమ్మ చెప్పొచ్చు. చెప్పలేదు. ఒప్పుకోకపోతే విచారణ సాగుతుంది, విచారణ సాగితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. మూడేళ్ళయినా, ఏడాదయినా, మచ్చయినా తనకేమీ అనిపించడం లేదు. అనిపించని మనిషి ఒప్పుకుంటే అందరికీ పని తేలికవుతుంది. అలా లెక్క వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

ఆఫీసులో హంపమ్మ ఒక్కతే ఉంది. ఒప్పుకోలు ఉత్తరానికి నమూనా ఉంది. హంపమ్మ ఇస్తే దాన్ని చూసి సుంకులమ్మ రాసింది. ఏప్రిల్ 18న చల్లమాత్ర వేసుకుని పరీక్ష రాశానని, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నానని, విధించే శిక్షకు బద్ధురాలినని మూడు వాక్యాలు. సంతకం చేసి ఇచ్చింది. హంపమ్మ ముద్ర వేసి టైము రాసింది. 4 గంటల 20 నిమిషాలు.

"సోమవారం పేపరుకు వస్తారా మేడమ్ నేను?" అని అడిగింది సుంకులమ్మ. తర్వాత తన మాట తనకే తప్పుగా తోచి, "అంటే, రావాలా?" అంది.

"ఇంగెక్కడి పేపరు పాపా. ఏడాది దాకా నీకు ఏ పేపరూ లేదు," అంది హంపమ్మ. టిఫిన్ డబ్బా తెరిచి ఉడకబెట్టిన శనక్కాయలు గుప్పెడు తీసి ఆమె చేతిలో పోసింది. "కూచుని తిను. మొగం చూడు ఎట్లుందో."

సుంకులమ్మ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా హాస్టల్ మేడ మీద ఇద్దరు మనుషులు పొగమంచులోంచి నీళ్ళు పట్టే వలలు దించి దులుపుతున్నారు. శనక్కాయలు ఒక్కొక్కటే వలిచి తింది. నాలుగో కాయకు ఉప్పు ఎక్కువైందనిపించింది. తర్వాతి కాయ కూడా ఉప్పే. ఆమె లోపలికి పోయి నీళ్ళు అడిగి తాగి, మళ్ళీ వచ్చి కూర్చుని మిగతావి తింది.

4 గంటల 42 నిమిషాలకు ఫోను మోగింది. ఆఫీసువాళ్ళు ఓబులేసుకు కబురు చేశారు. ఆయన గాలిమర మీద నుంచి మాట్లాడుతున్నాడు. గాలి చప్పుడు వినపడుతోంది.

"మా, తింటివా?"

"తింటి నాయనా."

"నువ్వేం దిగులు పెట్టుకోవాకు. నేను ఒక్క మాట అనను. నువ్వు అట్లాంటి పని చేసేదానివి కావని నాకు తెలుసు. సంతకం పెట్టినావంటే నీ లెక్క నీకుంటాది. ఒక్క ఏడే గదా మా. వచ్చే ఏడు రాస్తువులే. పదహారూ ఒకేసారి రాస్తువు. నేనుండా గదా."

సరే నాయనా అని ఆమె ఫోను పెట్టేసింది. చేతిలో ఇంకా రెండు కాయలున్నాయి. వాటిలో ఉప్పు ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం ఉదయం పది గంటలకు ప్రయోగశాలలో పరంజ్యోతి బిళ్ళ తీసి రీడర్‌లో పెట్టింది. గోడ మీద గీత పడింది. గురువారం మధ్యాహ్నం 81. రాత్రి 81. నిద్రలో 80. తెల్లవారి లేచినప్పుడు 81. పళ్ళు తోముకుంటున్నప్పుడు, మెస్ వరసలో నిలబడినప్పుడు, మెట్లు దిగుతున్నప్పుడు 81. ఒక్క చోట తప్ప స్కేలు పెట్టి గీసినట్టుంది.

పరంజ్యోతి రీడర్ ఆపి మళ్ళీ పెట్టింది. అదే గీత. కుర్చీలో కూర్చుంది.

తర్వాత ఆమె చెప్పింది సుంకులమ్మకు అర్థమైంది. ఆ అంకె ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇరవై, ఇరవై అయిదు ఉండాలి. పరీక్ష హాలులో వణికిపోయేవాళ్ళకు ఎనభై, తొంభై పోతుంది. వాళ్ళు హాలులో మూడు గంటలు ఉండే చోట సుంకులమ్మ ఇరవై నాలుగు గంటలూ ఉంటోంది. గేటు దగ్గర 81, హాలులో 81, తీసేస్తే సున్నా. పిండిమర పక్క ఇంట్లో ఉండేవాళ్ళకు మర చప్పుడు వినపడనట్టు ఆమె భయం ఆమెకు తెలియడం మానేసింది. ఏడాదికేడాదీ హాలులో అంకె తగ్గలేదు, గేటు దగ్గర అంకె పెరిగింది. బిళ్ళ ఆ అంకెను చెరిపేస్తూ వచ్చింది.

"తప్పు నాది," అంది పరంజ్యోతి. "గేటు దగ్గరికి ప్రతి ఒక్కరూ స్థిమితంగా వస్తారనుకున్నాను. మొదట్లో ఆరు వందల మంది మీద పరీక్షించి చూసిన తర్వాతే అనుకున్నాను. ఎప్పుడు పరీక్షించామో తెలుసా? మే నెలలో. సెలవుల్లో. అందరూ ఇళ్ళలో నెల రోజులు నిద్రపోయి వచ్చారు."

ఆమె గోడ మీది గీతలో ఒక చోట వేలు పెట్టింది. గురువారం సాయంత్రం అక్కడ గీత కిందికి జారింది. 46 దాకా పోయింది. మళ్ళీ నిలువునా లేచి 81 అయింది. జారిన టైము 4:20. లేచిన టైము 4:42.

"ఇక్కడ ఏం జరిగింది?"

"ఉత్తరం ఇస్తిని మేడమ్. ఒప్పుకున్నట్టు."

"ఇక్కడ?"

"నాయన ఫోను చేసె."

"తిట్టాడా?"

"లేదు మేడమ్. వచ్చే ఏడు రాస్తువులే అనె."

ఒప్పుకోలు ఉత్తరం అందినా పరంజ్యోతి పట్టుబట్టడంతో మధ్యాహ్నం కమిటీ మళ్ళీ కూర్చుంది. పరంజ్యోతి గీత చూపించి వివరించింది. హనుమంతరాయుడు రెండు ప్రశ్నలు వేశాడు. బిళ్ళ చెడిపోలేదు కదా అన్నది ఒకటి. పిల్ల మాత్ర వేసుకోలేదు కదా అన్నది రెండు. రెండింటికీ లేదన్నదే జవాబు. హాలు పరీక్ష రద్దు కానక్కర లేదు, ఎవరికీ శిక్ష అక్కర లేదు. ఆయన ముఖం తేటపడింది. సుంకులమ్మ నిర్దోషి అని, బుధవారం పేపరులో ఆగిన భాగం రాసుకునే అవకాశం ఇస్తామని, సోమవారం పేపరు మామూలుగా రాయవచ్చని చెప్పి రాయించాడు. బెదురు సవరణ కింద ఆమెకు వచ్చే మార్కులు సున్నా. తేడా సున్నా కాబట్టి. ఒప్పుకోలు ఉత్తరం తిరిగి ఇచ్చేయమన్నాడు.

హంపమ్మ ఉత్తరం చాపింది. సుంకులమ్మ అందుకోలేదు.

"సార్, అది ఉండనీయండి," అంది.

"ఏది?"

"ఉత్తరం సార్. వెనక్కి వద్దు."

"నువ్వు తప్పు చేయలేదని తేలిందమ్మా."

"తెలుసు సార్. అయినా ఉండనీయండి."

తప్పు చేయలేదని రుజువయ్యాక శిక్ష వేయడానికి నిబంధన లేదని హనుమంతరాయుడు చెప్పాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. మంచి కబురు చెబితే ఈ పిల్ల ఇలా ఉందేమిటి అన్నట్టు పరంజ్యోతి వైపు చూశాడు. పరంజ్యోతి ఆ గీతను ఆయన ముందుకు తోసి, సోమవారం గేటు దగ్గర అందరి స్థిమిత రేఖలూ చెరిపేయకుండా దాచడానికి అనుమతి అడిగింది. దానికి సెనేట్ తీర్మానం కావాలన్నాడాయన. సెనేట్ జూలైలో కూర్చుంటుంది. హంపమ్మ ఉత్తరాన్ని మడిచి సుంకులమ్మ చేతి సంచిలో తనే పెట్టింది.

ఆ సాయంత్రం షంషాద్ స్వీటు తెచ్చింది. హాలు గ్రూపులో వచ్చిన మాటలు చదివింది. ఈసారి అన్నీ మంచివే. తర్వాత ఆ గీత సంగతి అడిగింది. సుంకులమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఉత్తరం ఇచ్చాక అంకె దిగిందని, ఇరవై రెండు నిమిషాలు కిందనే ఉందని, మళ్ళీ లేచిందని.

షంషాద్ చేతిలోని స్వీటు చేతిలోనే ఉంది. "దిగినప్పుడు ఎట్లుండె?" అని అడిగింది.

"శనక్కాయలు తింటి. ఉప్పెక్కువైందని తెలిసె."

"అంతేనా?"

"అంతే."

"మేయ్, సరిగ్గా చెప్పు. ఊపిరి ఆడినట్లుండెనా?"

సుంకులమ్మ తలుచుకుంది. "గాలిమర ఆగినట్లుండె," అంది. "చిన్నప్పుడు నాయన మర ఆపి, పైకెక్కి మరమ్మతు చేస్తుంటే కింద కూచుంటాంటి. అట్ల."

"ఇరవై రెండు నిమిషాలు."

"అంతే షంషాద్. మళ్ళీ లేస్తాది. వచ్చే ఏడు ఉంటాది గదా."

"ఇరవై రెండు నిమిషాలైతే చాలు మే," అంది షంషాద్.

శని, ఆదివారాలు హాలు గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 23, సోమవారం ఉదయం 8 గంటల 50 నిమిషాలకు సుంకులమ్మ హాస్టల్ నుంచి బయలుదేరింది. పరీక్ష గేటు దగ్గర రోజూ ఉండే వరస లేదు. వరస ఆఫీసు ముందు ఉంది. మెట్ల మీద మొదలై, వరండా చుట్టి, సైకిల్ స్టాండు దాకా వచ్చింది. ఎవరూ మాట్లాడటం లేదు. ప్రతి ఒక్కరి చేతిలోనూ మడిచిన కాగితం ఉంది. ముందు నుంచి తొమ్మిదో మనిషి షంషాద్. ఆమె సుంకులమ్మను చూసి చెయ్యి ఊపింది.

సుంకులమ్మ వరస చివర నిలబడింది. సంచిలోంచి తన ఉత్తరం తీసింది. నెమ్మదిగా ముందుకు జరుగుతూ 9 గంటల 20 నిమిషాలకు బల్ల దగ్గరికి చేరింది. హంపమ్మ అప్పటికి ముద్ర వేసి వేసి మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఆమె ముందున్న కాగితాలన్నిటి మీదా అవే మూడు వాక్యాలు. హనుమంతరాయుడు వెనక నిలబడి నిబంధనల పుస్తకం తిరగేస్తున్నాడు. సంతకం చేసి ఇచ్చిన ఉత్తరం మీద విచారణ ఉండదని అందులో ఉంది. తీసుకోకూడదని ఎక్కడా లేదు.

సుంకులమ్మ ఉత్తరం ఇచ్చింది. హంపమ్మ పేరు చూసి వెనక్కి ఇచ్చేసింది.

"నీది చెల్లదు పాపా. నువ్వు వేసుకోలేదని రాసేసినాం గదా."

"సార్‌ను మళ్ళీ ఒకసారి అడగండి మేడమ్."

"అడిగితిని. ఈ ఊరు మొత్తంలో ఇది ఇయ్యడానికి లేనిదానివి నువ్వొక్కదానివే." హంపమ్మ గోడ గడియారం చూసింది. "గేటు మూసేస్తారు. పో తల్లీ."

ఆమె పోయింది. గేటు దగ్గర బిళ్ళ అతికించి స్థిమిత రేఖ తీశారు. పదింటికి హాలు తలుపులు వేశారు. లోపల 69 మంది ఉన్నారు. సుంకులమ్మ ఎనిమిది ప్రశ్నల్లో ఆరింటికి జవాబు రాసి, ఒంటిగంటకు పేపరు ఇచ్చింది.

ఉత్తరాలు ఇచ్చినవాళ్ళు 143 మంది. ఏప్రిల్ 18న చల్లమాత్ర వేసుకున్నామని అందరూ రాశారు. ఆ రోజు వాళ్ళ బెదురుబిళ్ళలు చూపిన అంకెల జాబితాను పరంజ్యోతి మధ్యాహ్నం రెండింటికి తెప్పించుకుని, ఐదు దాటనిది ఒక్కటైనా ఉందా అని చూసింది. అన్నిటికన్నా తక్కువ అంకె 38.